వేలు చూపించిన ఫొటో

బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద నల్లమాత్రల గుట్ట. ఊరి కొట్లో పట్టుకున్న ఆ గుట్ట వైపు వేళ్లు చాచి, అధికారులంతా వరసగా నిలబడ్డారు.

ఏది పట్టుకున్నా అలా వేలు చూపిస్తూ ఫొటో దిగాల్సిందే. లేకపోతే పట్టుకున్నట్టే కాదు.

"ఇవి మూలికల మాత్రలు కావు. వీటిలో దొంగచాటుగా స్టెరాయిడ్ కలిపారు," అన్నాడు పెద్ద అధికారి మైకులో. "ఇవాళ్టి నుంచి ఒక్కటి కూడా మింగొద్దు. ఇళ్లలో ఉన్నవన్నీ పారేయండి!"

బౌద్ధాలయం చావడిలో కూర్చున్న ఊరంతా చప్పట్లు కొట్టింది. దావ్‌రుంగ్ కూడా కొట్టింది.

ఆమె తల్లి థోంగ్సీ ఏళ్ల తరబడి ఆ మాత్రలే మింగుతోంది, మోకాళ్ల నొప్పులకి. వాటి పుణ్యమా అని మళ్లీ వంగి వరినాట్లు వేసింది. ముఖం గుండ్రంగా ఉబ్బితే, "ఒళ్లు చేశావ్, కళ వచ్చింది!" అని ఊరు మెచ్చుకుంది.

"అయితే ఇన్నాళ్లూ నేను మింగింది విషమా?" అంది థోంగ్సీ.

పక్కింటి ఖెన్ నవ్వాడు. ఆయన నడుంనొప్పికీ అవే మాత్రలు.

"విషమైతే ఎప్పుడో పోయేవాళ్లం వదినా. పద, పారేద్దాం. అంత పెద్దాయన వచ్చి మరీ చెప్పాడు."

ఇద్దరూ పరాచికాలాడుకుంటూ సీసాలు చెత్తకుండీలో ఒంపేశారు.

వారం తిరక్కుండానే థోంగ్సీ చాప మీంచి లేవలేకపోయింది. జిగురన్నం ముద్ద నోట్లో పెడితే వాంతి. ఒళ్లు చల్లబడింది. నాడి అందీ అందనట్టుంది.

పికప్ బండి వెనక తొట్టిలో తల్లి తల ఒళ్లో పెట్టుకుని దావ్‌రుంగ్ పట్నం ఆస్పత్రికి చేరింది.

సూది పడింది. సెలైన్ ఎక్కుతోంది. అంతా విన్న డాక్టరమ్మ అడిగింది.

"ఒక్కసారిగా మానెయ్యమని ఎవరు చెప్పారు?"

"మీ సర్కారోళ్లే."

డాక్టరమ్మ మంచం పక్కకి కుర్చీ లాక్కుంది.

"ఆ మందులాంటిది మన ఒంట్లోనే తయారవుతుందమ్మా. ఏళ్ల తరబడి బయట్నుంచి పోస్తుంటే ఒళ్లు ఆ పని మానేస్తుంది. మళ్లీ మొదలెట్టడానికి నెలలు పడుతుంది. అందుకే మా దగ్గర చూపించుకుంటూ కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఒక్కసారి ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది."

"మరి ఆ ముక్క మైకులో చెప్పడానికి వాళ్లకి నోరు రాలేదా?"

డాక్టరమ్మ లేచి సెలైన్ సీసా సరిచేసింది.

దావ్‌రుంగ్ కళ్ల ముందు ఆ చావడి మెదిలింది. కోట్లు వేసుకుని, ఫొటోకి జుట్టు సవరించుకుని, అంతమంది వచ్చారు. అప్పుడు గుర్తొచ్చాడు ఖెన్ మామయ్య.

వెంటనే ఫోన్ చేసింది. ఆయన కూతురు ఎత్తింది.

వెనక చావింట్లో చదివే భిక్షువుల పఠనం వినిపిస్తోంది.

"పొద్దున లేపితే లేవలేదక్కా," అంది ఆ పిల్ల. "ముసలితనంతో పోయాడని రాసిచ్చారు."

థోంగ్సీ ఇంటికొచ్చాక, పెద్ద అధికారి పండ్ల బుట్ట పట్టుకొచ్చాడు. వెంట ఫొటోగ్రాఫర్.

"ఎలా ఉన్నావు పెద్దమ్మా? మేం సమయానికి ఆ మాత్రలు పట్టుకోబట్టి సరిపోయింది గానీ..."

దావ్‌రుంగ్ నోరు తెరిచింది. తల్లి ఆమె చెయ్యి నొక్కి ఆపింది.

బుట్ట థోంగ్సీ ఒళ్లో పెట్టారు. అధికారి పక్కన నిలబడి నవ్వు తెచ్చుకున్నాడు.

"ఇటు చూడండి," అన్నాడు ఫొటోగ్రాఫర్.

థోంగ్సీ మూసి ఉన్న పక్కింటి తలుపు వంక ఒకసారి చూసింది. తర్వాత కెమెరా వంక చూసింది. బుట్ట మీంచి చెయ్యి తీసి, అధికారి వైపు వేలు చాచింది.

"పెద్దమ్మా, చెయ్యి దించు. ఫొటో పాడవుతుంది."

ఆమె దించలేదు.

"తియ్యి నాయనా," అంది. "పట్టుకున్నాక ఇలాగే కదా దిగుతారు."