టీవీలో వచ్చేదే కావాలి

చెల్లెలు బాత్రూంలో దూరి గడియ వేసుకుంది. ఎంత పిలిచినా తీయడం లేదు.

"రక్తం ఆగట్లేదక్కా" అంది లోపల్నుంచి, ఏడుపు గొంతుతో.

అక్కకు విషయం అర్థమైంది. అమ్మ పోయాక ఇంట్లో ఆడదిక్కు తనొక్కతే. నాన్న బస్సు డ్రైవరు. దూరపు సర్వీసు మీద వెళ్లాడు, రేపటిదాకా రాడు. వచ్చినా ఆయనకేం చెబుతుంది?

"భయపడకు చిట్టీ. పెద్దదానివయ్యావు, అంతే."

"నీ ప్యాడ్ ఒకటి ఇవ్వు."

అక్క తడబడింది. "నా దగ్గర అయిపోయాయి. ఇప్పుడే తెస్తాను."

చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరి కొట్టుకు పరిగెత్తింది.

కొట్టు పిన్ని వింతగా చూసింది. "మొన్ననేగా తీసుకెళ్లావు?"

"అయిపోయాయి పిన్నీ. అదే ఇవ్వు, టీవీలో వచ్చేది."

"ఆ సరుకు రాలేదు. ఇది తీసుకో, మెత్తగా ఉంటుంది."

"కాదు, టీవీలో వచ్చేదే కావాలి."

పిన్నికి ఈ పిచ్చి కొత్త కాదు. ఆ యాడ్ మొదలైనప్పటినుంచి నెల తిరిగేసరికి అక్క వచ్చి అదే కొనేది. తెల్ల ప్యాంటు వేసుకున్న అమ్మాయి మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ నవ్వే యాడ్. ప్యాడ్ ఎలా విప్పాలో, రెక్కలు ఎటు మడవాలో అందులో బొమ్మ వేసి మరీ చూపిస్తారు. తను పనిచేసే, యూనిఫాంలు కుట్టే షెడ్డులో అమ్మాయిలందరి చేతా అక్కే దాన్ని కొనిపించింది. సంచిలో ప్యాకెట్ అంచు పైకి కనబడేలా పెట్టుకుని పనికి వెళ్లేది. ఎవరడిగినా లేదనకుండా తీసి ఇచ్చేది. ఆ యాడ్ మాటలు ఆమెకు పొల్లుపోకుండా వచ్చు.

"ఏదైతేనేమే, ఆ వేళకి అన్నీ ఒకటే" అని పిన్ని ఒక ప్యాకెట్ చేతిలో పెట్టింది.

అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏదో అడగాలని నోటిదాకా వచ్చింది. మింగేసి ఇంటిదారి పట్టింది.

తలుపు సందులోంచి చిన్న చెయ్యి బయటికొచ్చి ప్యాకెట్ లాక్కుంది.

"దీనికి రెక్కల్లేవు. ఎలా పెట్టుకోవాలక్కా?"

"జిగురున్న వైపు కిందకి అనుకుంటా."

"అనుకుంటావా?"

కాసేపటికి లోపల్నుంచి సన్నటి మూలుగు వినబడింది.

"కడుపులో మెలిపెడుతోంది. నీకూ ఇలాగే ఉంటుందా?"

"ఏం కాదు చిట్టీ. హాయిగా గెంతొచ్చు, పరిగెత్తొచ్చు. రోజంతా పొడిగా ఉంటుంది."

"నిలబడలేక చస్తుంటే పరిగెత్తమంటావేంటి?" చెల్లెలు వెక్కిళ్ల మధ్య అంది. "ఇంత రక్తం పోవడం మామూలేనా? ఆసుపత్రికి వెళ్లాలా? చెప్పక్కా."

మామూలో, ప్రమాదమో అక్క తేల్చుకోలేకపోయింది. యాడ్‌లో అమ్మాయి నవ్వడమే తప్ప ఏనాడూ మూలగలేదు. నేర్చుకున్న మాటలన్నీ అయిపోయాయి. తలుపుకి నుదురు ఆనించి అక్కడే కూలబడింది.

"ఉండు, పిన్నిని పిలుచుకొస్తాను" అంది చివరికి.

"పిన్నెందుకు? నువ్వున్నావుగా. టీవీ మాటలు వద్దు. మొదటిసారి నీకెలా ఉందో అది చెప్పు చాలు."

ఇరవై మూడేళ్లు నిండినా, అక్క ఇంకా ఆ మొదటిసారి కోసమే ఎదురుచూస్తోంది.