లావు పుస్తకం వద్దన్న మనిషి

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే సర్దుకోండి. మా మేనకోడలికి జరిగిన సంగతి ఇది, నెమ్మదిగా కూడబలుక్కుని రాశాను.

"అది వద్దమ్మా."

మేనకోడలు తిరిగి చూసింది. పాత పుస్తకాల షాపులో, అరల మధ్య, ఊతకర్ర పట్టుకున్న ముసలాయన.

ఆమె చేతిలో లావు పుస్తకం. కంప్యూటరు నల్ల తెర మీద కమాండ్లు కొట్టి పని చేయించడం నేర్పేది. మొదటి పాఠాలు ఆమెకు వచ్చు. ఇప్పుడు పై పాఠాలు కావాలి.

"ఎందుకు వద్దు?"

"ముందు మీ పనేంటో చెప్పండి."

ఆసుపత్రిలో రికార్డుల గది. కంప్యూటరు నిండా పాత స్కాన్లు. సోమవారానికల్లా అక్కర్లేనివన్నీ తీసెయ్యాలి. చేతకాకపోతే మళ్ళీ కింది గోదాములో కాగితాల కట్టలు మొయ్యమన్నాడు ఆఫీసరు. నడుం ఆ కట్టలతోనే పోయింది.

ఇదంతా చెప్పే ఓపిక ఆమెకు లేదు.

"ఫైళ్ళు తీసెయ్యాలి," అంది.

"అయితే ఈ సన్నది తీసుకోండి. ఏవి పోతాయో ముందు తెర మీద చూసుకోమంటుంది. ఆ తర్వాతే తీసెయ్యమంటుంది. ఆ లావుది చూడటం నేర్పకుండానే తీసెయ్యడం నేర్పుతుంది."

"సన్నదాని మీద మీకేమన్నా కమీషనా తాతగారూ?"

ఆయన నవ్వలేదు. "నా మాట వినమ్మా. దాని సంగతి నాకు..."

"పొద్దుట్నించి అందరి మాటా వింటూనే ఉన్నానండీ. ఇక మీరు కూడా మొదలెట్టకండి."

లావుదే కొనుక్కుని మెట్లు దిగింది.

సోమవారం, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టింది. నల్ల తెర అవునా కాదా అని కూడా అడగలేదు. పాతవాటితో పాటు ఆ నెల స్కాన్లూ తుడిచిపెట్టుకుపోయాయి.

మళ్ళీ స్కాన్లు తియ్యడానికి ఆ రోగులందర్నీ పిలిపించారు. నిండు కడుపుతో ఉన్నవాళ్ళు, కట్లు కట్టించుకున్నవాళ్ళు వరండాలో బారులు తీరారు. వాళ్ళని తప్పించుకుని ఆమె గోదాములోకి దిగిపోయింది.

ఆ వారమంతా కట్టలు మోసి, ఓ సాయంత్రం నడుం పట్టుకుని మళ్ళీ ఆ షాపు మెట్లెక్కింది.

"ఆ ముసలాయన ఏరండీ? ఓ మాట చెప్పుకోవాలి."

"ఇక రారమ్మా. మోకాళ్ళు ఈ మెట్లు ఎక్కనివ్వట్లేదట," అన్నాడు షాపాయన. "ఎన్నాళ్ళనుంచో వచ్చేవారు. ఆ లావు పుస్తకం ఎవరు ముట్టుకున్నా అడ్డం పడేవారు."

"మీ బేరం చెడగొడుతుంటే ఊరుకున్నారా?"

షాపాయన చేతిలో పుస్తకం దుమ్ము దులిపి అరలో పెట్టాడు.

"ఏమని అడ్డు చెప్పనమ్మా? ఆ లావుదాన్ని రాసింది ఆయనే."

— అందరూ పిన్నిగారంటారు. డెబ్బై ఒకటి నిండాయి. ఇప్పుడు చెల్లెలింట్లో, వీధివైపు గదిలో ఉంటున్నాను.