చట్టంలో లేని మాట

"బోర్డు దించండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆర్డరు కాగితం కౌన్సెలర్ చేతికిస్తూ.

పక్కనే కళ్ళజోళ్ళ షాపాయన నిలబడి ఉన్నాడు. ఫిర్యాదు ఆయనదే. డాక్టరు రాసిన మందులు మానేసి తన మాట వింటే చాలని ఈ కౌన్సెలర్ చెబితే, ఆయన కూతురు నమ్మి మానేసింది. పిల్ల దక్కలేదు. ఏ ఆఫీసుకు వెళ్ళినా ఒకటే జవాబు. కౌన్సెలర్లకు చట్టమంటూ లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. కళ్ళద్దాలు బిగించడానికి నాకు లైసెన్సు అడుగుతారే, మనసులో చెయ్యి పెట్టేవాడికి అక్కర్లేదా అంటూ ఆయన ఎక్కని మెట్టు లేదు. చివరికి చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు కౌన్సెలర్ అని గానీ, సైకోథెరపిస్ట్ అని గానీ చెప్పుకోకూడదు. మొట్టమొదటి ఆర్డరు ఈ గుమ్మానికే.

కౌన్సెలర్ లోపలి గదిలో ఎవరితోనో మాట్లాడుతూ మధ్యలో లేచి వచ్చాడు. కాగితం నిదానంగా చదివి షాపాయన వైపు తిరిగాడు.

"మీ బాధ నాకు అర్థమవుతోంది సార్. కోపం లోపల దాచుకోకపోవడం మంచిదే."

షాపాయన చెయ్యి లేవబోయింది. ఇన్‌స్పెక్టర్ భుజం పట్టి ఆపాడు.

కౌన్సెలర్ తనే కుర్చీ ఎక్కి స్క్రూలు విప్పాడు. బోర్డు దిగింది. గోడ మీద దాని మేర తెల్లగా మిగిలింది. అది చూశాక షాపాయనకు చాలా కాలానికి ఊపిరి నిండుగా ఆడింది. వరండాలో బెంచీల మీద కాచుకున్నవాళ్ళు లేచి బ్యాగులు సర్దుకుంటున్నారు.

ఇంతలో కౌన్సెలర్ తలుపు వెనక నుంచి ఇంకో బోర్డు తెచ్చాడు. రంగు ఇంకా సరిగ్గా ఆరలేదు. అవే స్క్రూలు, అవే కన్నాలు. దాని మీద 'లైఫ్ కోచ్' అని ఉంది.

ఇదేమిటని షాపాయన అడిగాడు. ఇన్‌స్పెక్టర్ బ్యాగులోంచి చట్టం పుస్తకం తీసి చివరిదాకా తిరగేశాడు. మళ్ళీ మొదటి నుంచి తిరగేశాడు.

"ఈ మాట ఇందులో లేదండీ" అన్నాడు తలెత్తకుండా.

"మనిషి అతనే కదా? గది అదే కదా?"

"మేం పట్టుకోగలిగింది మాట వరకే."

బోర్డు దించినట్టు రాసుకుని, సంతకం చేయించుకుని, ఇన్‌స్పెక్టర్ జీపెక్కాడు. లేచినవాళ్ళు మళ్ళీ బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు.

ఇక చట్టాన్ని నమ్ముకుని లాభం లేదనుకున్నాడు షాపాయన. వరండా మధ్యలో నిలబడి, తన కూతురికి జరిగింది ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ చెప్పాడు. ఒకావిడ లేచి వెళ్ళిపోయింది. ఆమె వెనకే మరొకాయన. కౌన్సెలర్ అడ్డుచెప్పలేదు. గోడకు ఆనుకుని, ఓర్పుగా వింటున్నాడు.

లోపల ఇంకా ఎవరో ఉన్నారు కదా, వాళ్ళకూ చెప్పే పోవాలని షాపాయన గది తలుపు తోశాడు.

చెల్లెలింటికని పొద్దున బయల్దేరిన భార్య, చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ కూర్చుని ఉంది.

"నువ్వా? వీడి దగ్గరికా?"

ఆమె తల వంచుకుంది.

"మనతో చెప్పుకోనివన్నీ పిల్ల ఈయనతోనే చెప్పుకుందండీ. వాటిలోంచి వారానికి ఒక్క మాట నాకు చెబుతారు."