చీర తెగని క్లైమాక్స్

“ఈ పెద్దమనిషి సినిమా చూడనే లేదు!”

వీడియో కింద కల్వకుర్తి నుంచి ఎవరో రాసిన ఆ ముక్కను యామిని తన ఫోన్‌లో చూసి చదవగానే మహేశ్వర్ మగ్గం గుంటలోంచి ఒక్క ఉదుటున బయటికొచ్చాడు.

“ఎవడే వాడు? నన్నంటడా? గద్వాలల సినిమాకు పోవాలంటె ముందుగాల నన్నే అడుగుతరు!”

అది నిజమే. ఏ సినిమా చూడాలో, ఏది దండగో నేతగాళ్ళ వీధి మొత్తానికి ఆయన మాటే మాట; అందరూ ఆయన్ని ‘సినిమా మహేశ్వర్’ అనేవారు. ఆయన మెచ్చిన ప్రతి సినిమాలోనూ ఏదో ఒక చీర కథను మలుపు తిప్పేది. నేత మనిషి కదా, ఆయన కంటికి చీరలే ఆనుతాయి అనుకునేవారు జనం. అందుకే మేనకోడలు యామిని నిన్న ఆయన్ని కెమెరా ముందు కూర్చోబెట్టి, ఆయనకు ప్రాణమైన పాత సినిమా గురించి చెప్పించి యూట్యూబులో పెట్టింది.

“హీరో వరదల కొట్టుకపోతుంటె హీరోయిన్ పెండ్లికి దాచుకున్న గద్వాల చీర ఇసిరి ఒడ్డుకు గుంజుతది. చీర తెగలే! గా ఒక్క సీను కోసమన్న చూడాలె,” అంటూ కళ్ళు కూడా తుడుచుకున్నాడు మహానుభావుడు.

“మామా, చాన మంది గట్లనే రాస్తుండ్రు. అసలు చీరనే లేదంట,” అని నసిగింది యామిని. “నా ఛానెల్ పరువు పోతున్నది.”

“పోయేది నా పరువు! పెట్టు సినిమా. చీర రాకపోతె అదే కెమెరా ముందు కూసోని నేను అబద్ధాలకోరునని చెప్త. మళ్ళ జన్మల సినిమా ఊసెత్తను!”

“ఎందుకయ్యా గంత పంతం? అంచు సగంలున్నది, రా,” అంది మగ్గం మీద రోజూ ఆయన పక్కనే కూర్చుని, అంచు పోగును అటూ ఇటూ నడిపే నాడె అందించే భార్య భూలక్ష్మి.

“నువ్వు గూడ రా! నాతోని చూసినదానివే గద!”

నీళ్ళు తాగొస్తానని లోపలికి జారుకోబోయిన భూలక్ష్మిని చెయ్యి పట్టుకుని టీవీ ముందు కూర్చోబెట్టాడు.

సినిమా మొదలైంది. సగం దాకా మహేశ్వర్‌ను పట్టలేకపోయారు. హీరో నోరు తెరవకముందే డైలాగు చెప్పేశాడు. ఇంటర్వెల్ పడింది. ఆ తర్వాత ఆయన కళ్ళు నులుముకోవడం మొదలెట్టాడు. ఎన్నడూ చూడని మనుషులెవరెవరో తెర మీదికి వస్తున్నారు. వరద రాలేదు. అసలు ఏరే లేదు. హీరో కోర్టుకెళ్ళాడు, జడ్జి తీరుబడిగా తీర్పు చదివాడు, అందరూ కలిసి ఫొటో దిగారు. శుభం.

“మామా, చీర?”

“గా డైరెక్టరుకు తెల్వి లేదు...” అంటూ నీళ్ళు నమిలాడు. యామిని ఫోన్ స్టాండుకు తగిలిస్తుంటే కూలబడ్డాడు.

“జర ఆగు బిడ్డా, నిజం చెప్త. కోడి కూయకముందే లేచి నేసేటోన్ని. సెకండ్ షోల ఇంటర్వెల్ దాటితె నాకు నిద్ర ఆగదు. మర్నాడు మగ్గం మీద మీ అత్తనే మిగిలిన కథ చెప్తది. నేనేం సినిమా మహేశ్వర్‌ను? సగం సినిమా మహేశ్వర్‌ను!”

“అన్ని సినిమాలు గట్లనేనా?”

“అన్నీ!”

యామిని పొట్ట పట్టుకుని నవ్వింది. మహేశ్వర్‌కు సిగ్గుతో పాటు కోపమూ ముంచుకొచ్చి భార్య మీదికి తిరిగాడు.

“ఏమే, నేనంటె పండుకున్న. నువ్వన్న సక్కగ చూడొద్దా? లేని చీర నీకెట్ల కనబడ్డది?”

“కోడి కూయకముందు నువ్వొక్కనివే లేస్తుంటివా?” అంది భూలక్ష్మి. “నువ్వు పండుకోంగనే నేను గూడ నీ భుజం మీద పండుకుంటుంటి. తెల్లారినంక నువ్వు కథ చెప్పుమంటె, మగ్గం మీద ఏమున్నదో అదే చూసి చెప్తుంటి!”