రాయని ముక్క

"ఓడిపోయామమ్మా," అన్నాడు లాయరు ప్రెంటిస్, అప్పీలు కోర్టు తీర్పు ఒడెస్సా ముందు బల్లమీద పెట్టి.

జైలు గదిలో వార్డరు మూడు రోజులు కుళాయి కట్టేస్తే, ఆమె కొడుకు దాహంతో చచ్చిపోయాడు.

"అది తప్పు కాదన్నారా?"

"తప్పో కాదో తేల్చలేదు. అలా నీళ్లు ఆపడం తప్పని ఇదివరకటి తీర్పు ఏదీ లేదట. అది ఉంటేగాని వార్డరులాంటి సర్కారు ఉద్యోగి మీద దావా చెల్లదన్నారు."

"రేపు ఇంకొకడికి ఆపితే, మావాడి తీర్పు ఉందిగా!"

ప్రెంటిస్ తల దించుకున్నాడు. "ఇందులోనూ తప్పని రాయలేదమ్మా. అప్పుడూ ఇదే మాటంటారు."

ఒడెస్సా తీర్పు కాగితాలు దగ్గరికి లాక్కుంది.

"ఆ జైల్లో ఇవాళ ఎంతమంది ఉన్నారు నాయనా?"

"మూడొందల పైనే."

"అయితే పై కోర్టులో అప్పీలు వెయ్యి."

"ఇలాంటివి వాళ్లు వందలో ఒకటి కూడా వినరమ్మా."

"వినకపోతే పోనీ, వెయ్యి. నాకు డబ్బులొద్దు. తప్పని ఒక్క ముక్క రాయమను."