కాళి సంతకం

గోడకు మేకు దించబోతున్న నిరంజన్ చేతిలోంచి శ్రీలత సుత్తి లాగేసుకుంది.

"బ్యాంకు గోడకు దొంగ సంతకం తగిలిస్తవా అన్నా? నలుగురు చూస్తే నవ్విపోతరు" అంది.

జనగామలోని ఆ బ్యాంకులో శ్రీలత క్యాషియర్. చెక్కుల మీద సంతకాలు సరిచూసే సీటు నిరంజన్‌ది. గొడవకు కారణమైన పటం బల్ల మీద ఉంది. అందులో పాటల కాళి నవ్వుతోంది. తరిగొప్పుల దగ్గరి తండాలో నాట్లేస్తూ పాడిన ఒక్క పాటతో ఊరూరి ఫోన్లలోకి ఎక్కిన మనిషి. ఆమె పాట లేకుండా ఈ చుట్టుపక్కల ఏ పెళ్లి బరాతూ కదలడం లేదు. ఫోటో కింద నీలం సిరాతో "కాళి" అని సంతకం. హైదరాబాద్ కంపెనీ ఏదో ఆన్‌లైన్‌లో అమ్ముతుంటే, ఏడాది కింద నిరంజన్ పన్నెండు వందలు కట్టి పోస్టులో తెప్పించుకున్నాడు. ఆ కాళే ఇవాళ కొత్త ఖాతా తెరవడానికి బ్యాంకుకు వస్తోంది. ఆమె వచ్చేసరికి పటం గోడ మీద ఉండాలని అతని ఆరాటం.

శ్రీలత ఒప్పుకుంటేగా. మూడు జిల్లాలు తిరుగుతూ పాడే మనిషికి వేల ఫోటోల మీద సంతకాలు పెట్టే తీరిక ఎక్కడిదని అడిగింది. నిరంజన్ పటంతో పాటు వచ్చిన సర్టిఫికెట్ చూపించాడు. ఫోటో అచ్చేసిన చోటే అదీ అచ్చేసి ఉంటారని ఆమె తేల్చేసింది. నిరంజన్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఫోటోను పటంలోంచి తీసి, వెనక్కి తిప్పి, కలం ఒత్తిడికి కాగితం లేచిన చోట ఆమె వేలు పెట్టించాడు. అచ్చయితే ఇలా తగలదన్నాడు. చేత్తో రాసిందే కావచ్చు గానీ ఎవరి చెయ్యో ఎవరికి తెలుసని శ్రీలత అంది.

ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నిరుడు ఒక దొంగ చెక్కును పట్టుకున్నప్పటి నుంచి నిరంజన్‌ను ఊళ్లో అందరూ సంతకాల సారు అంటారు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

"పన్నెండేండ్ల సంది సంతకాలే చూస్తున్న చెల్లె. గీత చూసి చెయ్యి చెప్త. గిది కాళక్క సంతకం కాకపోతే రేపట్నుంచి ఈ సీట్ల కూసోను" అన్నాడు.

హాల్లో ఉన్నవాళ్లంతా విన్నారు. ఇక వెనక్కి తీసుకునే మాట కాదది.

శ్రీలత సరేనని ఒక్క షరతు పెట్టింది. కాళికి పటం ముందే చూపించకూడదు. ఆమె మామూలుగా ఫారం మీద సంతకం పెట్టాలి. ఆ తర్వాతే పక్కపక్కన పెట్టి చూడాలి. ముంజేతి కంకణానికి అద్దమెందుకని నవ్వి, నిరంజన్ ఫోటోను మళ్లీ పటంలో బిగించి తనే బల్ల మీద బోర్లించాడు.

పదకొండింటికి కాళి వచ్చింది. సెల్ఫీలు అడిగిన వాళ్లందరికీ ఇచ్చి, నిరంజన్ ఎదురుగా కూర్చుంది. కోడలు ఇంటి దగ్గరే నింపి ఇచ్చిన ఫారం, పాత బ్యాంకు పాస్‌బుక్కు బల్ల మీద పెట్టింది. సంతకం చేయమంటే తన సంచిలోంచి తన కలమే తీసుకుంది. తొందరపడలేదు. వంగి, నారు కుదురుగా నాటినట్టు, ఒక్కో అక్షరాన్ని నిమ్మళంగా పెట్టింది. పేరున్న మనిషి, సంతకమంటే ఎంత శ్రద్ధో అనుకున్నాడు నిరంజన్. మూడు చోట్ల పెట్టింది. మూడూ ఒక్కలాగే ఉన్నాయి.

నిరంజన్ పటం తిప్పాడు.

'కా'కు దీర్ఘం బారుగా సాగి కిందికి వంగింది. అక్కడా అంతే, ఇక్కడా అంతే. 'ళి' మీద గుడి గుండ్రంగా తిరిగింది. రెండు చోట్లా అదే తిరుగుడు. చివరన పెట్టిన రెండు చుక్కలు కూడా ఒకే ఎడంలో ఉన్నాయి. శ్రీలత భూతద్దం తెచ్చి మరీ చూసింది. ఎంత చూసినా తేడా దొరకలేదు. చివరికి సుత్తి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

రెండు దెబ్బలకే మేకు దిగింది. నిరంజన్ పటం తగిలించి, వంకర లేకుండా సర్ది, కాళికి చేతులు జోడించాడు. తన సీటు నిలబెట్టావని చెప్పాడు. ఆమెకేమీ అర్థం కాకపోయినా నవ్వింది. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. నిరంజన్ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు, వేసుకోడా మరి.

ఓడిన శ్రీలత జిరాక్సు తీద్దామని కాళి పాత పాస్‌బుక్కు తెరిచింది. మొదటి పేజీలో ఫోటో పక్కన, సంతకం ఉండాల్సిన చోట, ఊదారంగు వేలిముద్ర ఉంది.

"ఇదేంది కాళక్కా, ఇందుల వేలిముద్ర ఉన్నది?"

"ఆర్నెల్ల కిందటి దాక వేలిముద్రనే బిడ్డా. నాకు రాసుడెక్కడొచ్చు?"

మీసం మీది చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. గోడ మీది పటం పోస్టులో వచ్చి ఏడాది.

"నా సంతకం అమ్ముతున్నరని నలుగురు చెప్తే, అదెట్లుంటదో చూద్దామని నేను గూడ పైసలు కట్టి ఒకటి తెప్పిచ్చుకున్న. మంచిగనిపిచ్చింది. అప్పట్నుంచి దినాం గదే దిద్దిన" అంది కాళి. గోడ మీది పటాన్ని ఒకసారి, ఫారం మీది తన రాతను ఒకసారి చూసుకుని, నిరంజన్ వైపు తిరిగింది. "సంతకాల సారంట గద నువ్వు. జర చూసి చెప్పు, అచ్చం గట్లనే వచ్చిందా?"