కొంగపిల్లకు పెద్దదిక్కు

అనగనగా ఒక మడుగు పక్కన తుమ్మచెట్టు మీద తల్లి లేని కొంగపిల్ల ఉండేది. రెక్కలొచ్చినా ఎగరాలంటే దానికి భయం. ఇరుగుపొరుగు తెచ్చిపెట్టే పురుగులు తిని బతికేది. వానలు ముదిరితే ఆ పురుగులూ దొరకవు. అందుకని పక్షులన్నీ చేరి, దానికి పెద్దదిక్కుగా ఎవరుంటారని అడిగాయి.

చిలుక ముందుకొచ్చి ఎగరడం గురించి పదకొండు సూత్రాలు వల్లించింది. ఏడో సూత్రానికే పిల్ల నిద్రపోయింది. నెమలి వచ్చి, తననెవరు చూస్తున్నారా అని చుట్టూ చూసుకుంటూ ఆడి వెళ్లింది. మర్నాడు రెండూ పత్తా లేవు.

చివరికి మడుగు గట్టున మేసే నీలాలు అనే గేదె మిగిలింది. "మేత మేయడం తప్ప నాకేం వచ్చు తల్లీ?" అని సిగ్గుపడింది. అయినా రోజూ పొద్దెక్కగానే వచ్చి చెట్టు కింద కూర్చునేది. పిల్ల చెప్పే దిగులంతా నెమరేస్తూ వినేది. మధ్యలో ఓ కునుకు తీసేది కూడా, అది వేరే సంగతి.

పదో రోజు పిల్ల అడిగింది. "పెద్దమ్మా, నేను పడిపోతేనో?"

"పడితే నా వీపు మీదేగా పడతావు! దీని వెడల్పుకేం తక్కువ?"

పిల్ల కిసుక్కున నవ్వి, కళ్లు మూసుకుని దూకింది. నీలాలు గబుక్కున లేచి వీపు పట్టింది. పిల్ల మాత్రం వీపును తాకకుండానే మడుగు దాటి ఎగిరిపోయింది.

చిలుక ఉడుక్కుంటూ వచ్చింది. "ఇంతకీ దానికి నువ్వేం నేర్పావు?"

నీలాలు తోకతో ఈగలు తోలుకుంది. ఇంతలో బాతు, బిక్కుబిక్కుమంటున్న తన కడగొట్టు పిల్లను వెంటబెట్టుకొచ్చింది.

"అక్కా, రోజూ దీని దగ్గర కూడా కాసేపు కూర్చుంటావా?"